మంత్రిగారి స్వయం

ఇకమీదట ప్రజల సమావేశాలను ప్రజలే నిర్వహించుకుంటారనీ, అలాంటి సమావేశాలన్నిటినీ మంత్రిగారే స్వయంగా నిర్వహిస్తారనీ ప్రజాభిప్రాయ శాఖ సోమవారం ఉదయం సగర్వంగా ప్రకటించింది. పత్రికలన్నీ ఆ వార్తను మొదటి పేజీలో వేశాయి. ఒక పత్రికయితే "చరిత్రాత్మకం" అన్న మాట రెండుసార్లు వాడింది.

ప్రకటనలోని రెండో సగం మొదటి సగాన్ని కొట్టిపారేస్తోందని గమనించినవాడు ఊరు మొత్తానికి ఒక్కడే. అతను దాన్ని రాసిన అనువాదకుడు. శాఖ కార్యాలయం మూడో అంతస్తులో, జిరాక్సు మిషనుకీ చేతులు కడుక్కునే సింకుకీ మధ్య ఇరుక్కున్న బల్ల అతనిది. ఇంగ్లీషులో వచ్చిన కాగితాలను జనం భాషలోకి, జనం రాసిన అర్జీలను అధికారులకు నచ్చే భాషలోకి మార్చడం అతని పని. పదకొండేళ్లయినా ఉద్యోగం ఇంకా తాత్కాలికమే.

అసలు ఇదంతా ఒక చిన్న పుస్తకంతో మొదలైంది. మంత్రిగారు విదేశీ పర్యటన ముగించుకుని వస్తూ, విమానంలో ఎవరో సీటు సంచిలో వదిలేసిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి పట్టుకొచ్చారు. ఎవరిళ్లలో వాళ్లుండి, చవక పరికరాలతో, ఎవరూ నడిపించకుండా వాటంతటవే నడిచే ఆన్‌లైన్ సమావేశాలు ఎలా పెట్టుకోవాలో అందులో ఉంది. ముప్పై రెండు పేజీలు. మంత్రిగారు అట్ట చదివారు.

"దీన్ని మన భాషలో ఏమంటారయ్యా?" అని అడిగారు.

డైరెక్టరుగారు అనువాదకుడి వైపు చూశారు. "స్వయం నిర్వహణ సమావేశాలు అనొచ్చండి" అన్నాడు అతను.

"స్వయం అంటే?"

"తమంతట తామే అండి. అంటే, స్వయంగా."

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. ముప్పై ఏళ్ల రాజకీయ జీవితంలో పత్రికల్లో తన పేరు పక్కన ఆయన ఎక్కువసార్లు చూసుకున్న మాట అదే. మంత్రిగారు స్వయంగా విచ్చేశారు. మంత్రిగారు స్వయంగా పరిశీలించారు. మంత్రిగారు స్వయంగా చీపురు పట్టారు. ఆ మాటకు తను కాక ఇంకో సొంతదారు ఉండొచ్చన్న సంగతి ఆయనకు ఏనాడూ తట్టలేదు.

"బాగుంది. ఎవరి స్వయం?"

"ప్రజల..." అని అనువాదకుడు నోరు తెరిచేలోగా డైరెక్టరుగారు అందుకున్నారు. "తమదే సార్."

"మరి అధ్యక్షుడో?"

"అధ్యక్షుడు ఉండకూడదని రాశారండి ఇందులో" అన్నాడు అనువాదకుడు.

"మంచిదే. అధ్యక్షుడు వద్దు. అధ్యక్షత నేను వహిస్తాను."

"పరికరాలు చవకగా ఉండాలని కూడా ఉంది సార్" అని డైరెక్టరుగారు గుర్తుచేశారు.

"చవకవే తెప్పించండి. కానీ శాఖ పరువు పోకూడదు. చవకవాటిల్లోకెల్లా ఖరీదైనవి తెప్పించండి."

ఇంత లోతుగా ఆలోచించే నాయకుడి కింద పనిచేసే భాగ్యం దక్కినందుకు డైరెక్టరుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ సాయంత్రమే ఒక సర్క్యులర్ వెళ్లింది. శాఖ నుంచి బయటికి వెళ్లే ప్రతి ఉత్తర్వులో, ప్రతి వాక్యంలో, "స్వయంగా" అన్న మాట ఒక్కసారైనా ఉండాలి. లేకపోతే రాసినవారిపై చర్య తీసుకోబడుతుంది. సర్క్యులర్ ఆఖరి వాక్యంలోనే ఆ మాట లేదని ఎవరో కనిపెట్టడంతో, దాన్ని వెనక్కి పిలిచి, "స్వయంగా చర్య తీసుకోబడుతుంది" అని దిద్ది మళ్లీ పంపారు.

ఆ హడావుడిలో అనువాదకుడు నోరు జారాడు. "మా అక్కావాళ్ల వీధిలో ఇలాంటి సమావేశం ప్రతి బుధవారం జరుగుతూనే ఉందండి" అని డైరెక్టరుగారి దగ్గర అన్నాడు. ఏదో గొప్పకు అన్నాడు. తర్వాత ఎన్నిసార్లు నాలుక కరుచుకున్నా ఆ మాట వెనక్కి రాలేదు.

అక్క ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆమె ఇంటికి నాలుగు గుమ్మాల అవతల వీధి ఆస్పత్రి. రెండు గదులు, ఒక బల్ల, ఒక నర్సమ్మ, వారానికి రెండుసార్లు కనిపించే డాక్టరు. అక్క అత్తగారికి షుగరు. కాలి మడమ మీద లేచిన పుండు ఏడాదిగా మానడం లేదు. రోజు విడిచి రోజు ఆస్పత్రికి వెళ్లి కట్టు మార్పించుకోవాలి. ఆ వీధిలో అలా కట్లకీ సూదులకీ వెళ్లే పెద్దవాళ్లు ముప్పైమంది దాకా ఉన్నారు. ఎవర్ని ఎవరు చేయిపట్టి తీసుకెళ్లాలి, కోడలు పనికి పోయిన ఇంట్లో ముసలాయన్ని ఎవరు లేపి కూర్చోబెట్టాలి, ఇవన్నీ ఆడవాళ్లు బుధవారం సాయంత్రం ఫోన్లో కూడబలుక్కుంటారు.

వాళ్ల పరికరాలు చెప్పుకోదగ్గవేమీ కావు. అందరివీ పాత ఫోన్లు. అక్క తన ఫోనును ఖాళీ స్టీలు గ్లాసులో నిలబెడుతుంది. దాంతో గొంతులు ఖంగుమని మోగుతాయి, కుట్టుమిషను తొక్కుతూ కూడా వినొచ్చు. వీధంతా ఆ గ్లాసు పద్ధతే పట్టుకుంది. ఎవరూ అధ్యక్షురాలు కాదు. కష్టమున్నవాళ్లు చెబుతారు, వీలున్నవాళ్లు "నేనున్నా" అంటారు, వీలులేనివాళ్లు "పొయ్యి మీద పాలున్నాయి" అని పెట్టేస్తారు. పావుగంటలో సమావేశం ముగుస్తుంది. ఆ పావుగంటలో ప్రజాభిప్రాయ శాఖ ఏడాదిలో చేసేదానికన్నా ఎక్కువ పని జరుగుతుంది గానీ, దాని మీద ఫైలు లేదు కాబట్టి లెక్కలోకి రాదు.

డైరెక్టరుగారు గ్లాసు మాట విని ఎగిరి గంతేశారు. రెండు వారాలు తిరక్కుండా ఇంటింటికీ "స్వయం గ్లాసు" పంచారు. గ్లాసు లోపల, అడుగున, మంత్రిగారి ఫొటో. ఫోను పెడితే అది సరిగ్గా మంత్రిగారి ముఖం మీద కూర్చుంటోందని ఎవరో చెవిన వేశారు. అది అవమానం కాదా అని డైరెక్టరుగారు తెల్లబోయి, గ్లాసులన్నిటికీ పైన ఇనుప జాలీ బిగింపజేశారు. దాంతో గ్లాసులో ఫోను పట్టదు. నీళ్లు పోసుకుంటే ఫొటో ఊడిపోతుంది. ఊడగొట్టినవారిపై స్వయంగా చర్య తీసుకోబడుతుంది.

అక్క ఆ గ్లాసును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది దేనికిరా తమ్ముడూ?" అంది.

"చూసుకోవడానికి అక్కా."

ఆమె నవ్వింది. అనువాదకుడూ నవ్వాడు. వాళ్లు ఆ విషయంలో నవ్వుకోవడం అదే ఆఖరు.

ఎందుకంటే రైలు పట్టాలకు అవతల శాఖవారి హాలు ఒకటుంది. దాన్ని ఎందుకు కట్టారో రాసిన ఫైలు పోయింది. హాలు మాత్రం పోలేదు. రంగులు వేయించుకుని ప్రారంభోత్సవం కోసం ఎదురుచూస్తోంది. ఏమీ లేని హాలును ప్రారంభిస్తే బాగుండదు కాబట్టి, అందులో పెట్టడానికి ఏదో ఒకటి కావాల్సి వచ్చింది. మంత్రిగారు పటం తెప్పించుకుని, దగ్గర్లో ఏముందా అని చూసి, వీధి ఆస్పత్రి మీద వేలు పెట్టారు. పటంలో రైలు పట్టాలు సన్నటి గీత. గీతకు మెట్లు ఉండవు. నిజం పట్టాలు దాటాలంటే పాదచారుల వంతెన ఎక్కాలి. ఇటు అరవై రెండు మెట్లు ఎక్కాలి, అటు అరవై రెండు దిగాలి. అక్క అత్తగారు గుమ్మం ముందున్న మూడు మెట్లకే గోడ పట్టుకుంటుంది.

ఆస్పత్రిని తరలించాలంటే ప్రజల సమ్మతి కావాలని రూలుంది. కాబట్టి దేశంలోనే మొట్టమొదటి స్వయం నిర్వహణ ఆన్‌లైన్ సమావేశానికి అదే అంశం అయింది. అంశాన్ని టైపు చేస్తుంటే అనువాదకుడికి ఆ మూడు మెట్లు గుర్తొచ్చాయి. అయినా టైపు చేశాడు.

సమావేశం రోజున డైరెక్టరుగారికి ఒక పెద్ద చిక్కు వచ్చిపడింది. తెర మీద ఎవరి గడి ఎక్కడ ఉంటుందో చెప్పలేం. ఒక ఫోన్లో మంత్రిగారు పై వరుసలో ఉంటే, ఇంకో ఫోన్లో చిట్టచివరి మూలలో, ముక్కు తుడుచుకుంటున్న పిల్లాడి పక్కన తేలుతున్నారు.

"అందరి తెరల మీదా నేనే మధ్యలో ఉండాలి" అన్నారు మంత్రిగారు.

"అందరూ కెమెరాలు ఆపేస్తే సార్," అన్నారు డైరెక్టరుగారు, "తమరు ఎక్కడుంటే అదే మధ్య."

"మరి మాట్లాడితే?"

"మ్యూట్ చేసేద్దాం సార్. ప్రశాంతంగా పాల్గొంటారు."

మ్యూట్ నొక్కే పని అనువాదకుడికి అప్పగించారు. ఒక్క బటన్. అది నొక్కితే తొమ్మిది వందల మంది నోళ్లు ఒకేసారి మూతపడతాయి. మళ్లీ తెరవడం వాళ్ల చేతిలో ఉండదు. అతను డైరెక్టరుగారి వైపు చూశాడు. డైరెక్టరుగారు అతని ఉద్యోగం కాగితం ఉండే బీరువా వైపు చూశారు. అతను నొక్కాడు.

మంత్రిగారు గంటా పది నిమిషాలు మాట్లాడారు. ప్రజలు తమంతట తాము మాట్లాడుకోవడం ఎంత అవసరమో గుక్క తిప్పుకోకుండా చెప్పారు. చివర్న, "ఆస్పత్రి తరలింపు మీద ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి" అని, పది అంకెలు లెక్కపెట్టారు. తొమ్మిది వందల నల్లటి గళ్లు. వాటిలో ఒక దాని కింద అక్క పేరుంది. అనువాదకుడు ఆ గడి వైపు చూడకుండా ఉండటానికి చాలా ప్రయత్నించాడు.

"ఒక్కరు కూడా కాదనలేదు" అన్నారు మంత్రిగారు. "ప్రజలు స్వయంగా ఒప్పుకున్నారు!"

సాయంత్రం అతను అక్క ఇంటికి వెళ్లాడు. మిషను మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే ఉంది. అత్తగారు కాలు పీట మీద చాపుకుని కూర్చుంది.

"మొత్తుకున్నాన్రా" అంది అక్క. "మెట్ల సంగతి చెప్పాను. అత్తయ్య కాలు సంగతి చెప్పాను. గొంతు పోయేలా అరిచాను. నా మాట నా గ్లాసులోనే మోగి నాకే వినపడింది. ఎవడ్రా మా నోళ్లు నొక్కింది?"

"నేనే అక్కా."

ఆమె మిషను మీది జాకెట్టు తీసి మడతపెట్టింది. తిట్టినా బాగుండుననిపించింది అతనికి. సిగ్గుతో తల ఎత్తలేక నేల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"పోనీలే అబ్బాయ్," అంది అత్తగారు, "నోరు నొక్కితే నొక్కావు. నీకు చెయ్యుందిగా. రాత నీదేగా అక్కడ."

మర్నాడు ఉత్తర్వు ముసాయిదా అతని బల్ల మీదికి వచ్చింది. వాక్యం ఒక్కటే. వీధి ఆస్పత్రిని పట్టాల అవతలి హాలుకు తరలించవలెను. అతను సర్క్యులర్ తీసి ఎదురుగా పెట్టుకుని, ప్రతి అక్షరం శ్రద్ధగా చదువుకున్నాడు. ప్రతి వాక్యంలో ఆ మాట ఉండాలి. ఉంచాడు. ఉంచాక వ్యాకరణం కుదరలేదు కాబట్టి, తోకలు కొంచెం సర్దాడు. వీధి ఆస్పత్రి పట్టాల అవతలి హాలుకు స్వయంగా తరలి వెళ్లవలెను. డైరెక్టరుగారు "స్వయంగా" ఉందా లేదా అని మాత్రం చూసి సంతకం పెట్టారు. మంత్రిగారు ఆ మాట కింద పెన్నుతో గీత కూడా గీశారు.

మూడో రోజు ఉదయం లారీ వచ్చింది. నర్సమ్మ గుమ్మంలో నిలబడి ఉత్తర్వు చదివి వినిపించింది. లారీ డ్రైవరు ఇంకోసారి చదవమన్నాడు.

"అంటే, ఆస్పత్రి దానంతటదే వెళ్లాలనా?" అన్నాడు.

"అలాగే ఉంది మరి."

"అయితే మేం ముట్టుకోకూడదుగా. రేపు ఎవడైనా అడిగితే నా మెడకు చుట్టుకుంటుంది" అని, లారీ వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు.

డైరెక్టరుగారు తల పట్టుకున్నారు. ఉత్తర్వు దిద్దుదామంటే, అది తొమ్మిది వందల మంది ఏకగ్రీవంగా ఒప్పుకున్న ప్రజాభీష్టం. ఆ మాట తీసేద్దామంటే సర్క్యులర్ అడ్డం. అదీగాక మంత్రిగారు స్వయంగా గీత గీసిన మాట. అనువాదకుడిని పిలిపించి, "ఏంటయ్యా ఈ రాత?" అని గట్టిగా అడిగారు.

"సర్క్యులర్ ప్రకారమే రాశానండి" అన్నాడు అతను.

డైరెక్టరుగారు శాఖకు తెలిసిన ఒకే ఒక్క దారి పట్టారు. నోటీసు ఇచ్చారు. మర్నాటికల్లా అది ఆస్పత్రి గోడకు అంటించి ఉంది. "వీధి ఆస్పత్రికి తెలియజేయునది. ఉత్తర్వు అందినప్పటికీ తమరు ఇంతవరకు కదలలేదు. ఏడు రోజుల్లోగా కదలవలెను, లేదా కదలకపోవడానికి గల కారణాలు స్వయంగా తెలుపవలెను."

వీధి వీధంతా వచ్చి చదువుకుని పోయింది. అత్తగారికి చూపు ఆనదు కాబట్టి అక్కే చదివి వినిపించింది.

"మరి దీనికి జవాబు ఎవరు రాయాలి?" అంది ముసలావిడ.

"స్వయంగా అన్నారుగా అత్తయ్యా. గోడే రాయాలి."

ఏడు రోజులు గడిచాయి. గోడ జవాబు రాయలేదు. నర్సమ్మ రోజూలాగే కట్లు కట్టింది. బుధవారం ఆడవాళ్లు ఎప్పటిలాగే గ్లాసుల్లో ఫోన్లు పెట్టుకుని వంతులు వేసుకున్నారు. ఎనిమిదో రోజున డైరెక్టరుగారు ఫైలు ముగించారు. గడువులోగా కదలలేనని ఆస్పత్రి చెప్పలేదు కాబట్టి, కదిలిపోయినట్టు నమోదు చేశారు. ప్రారంభోత్సవానికి ఆ వచ్చే బుధవారం ముహూర్తం పెట్టారు.

ఆ రోజు మంత్రిగారు ఇటు నుంచే బయల్దేరారు. ప్రజలు ఎక్కే మెట్లు స్వయంగా ఎక్కుతానని పత్రికలవాళ్లకు చెప్పారు. అరవై రెండు మెట్లలో నాలుగుచోట్ల ఆగారు. ఆగిన ప్రతిచోటా ఫొటో తీశారు. హాల్లో ఒక కుర్చీ ఉంది. ఇంకేమీ లేదు. మంత్రిగారు రిబ్బన్ కత్తిరించి, ఆ కుర్చీలో కూర్చుని, పేదవాడి గుమ్మం దగ్గరికి వైద్యం నడిచి వచ్చిందని చెప్పారు. డైరెక్టరుగారు చప్పట్లు కొట్టారు. ఖాళీ హాలు కావడంతో ఒక్కరు కొట్టినా పదిమంది కొట్టినట్టు మోగాయి. వెనకే నిలబడిన అనువాదకుడికి అక్క గ్లాసు గుర్తొచ్చింది.

తిరిగి వస్తూ, ఇటు వైపు ఆఖరి మెట్ల మీద, మంత్రిగారు కెమెరా వైపు చెయ్యి ఊపబోయి మెట్టు తప్పారు. చీలమండ కళ్లముందే వాచింది. ఇద్దరు భుజాలు పట్టుకున్నారు. వంతెన దిగితే ఎదురుగా వీధి ఆస్పత్రి. తలుపు తెరిచే ఉంది. లోపల బల్ల మీద అక్క అత్తగారి కాలికి కట్టు పడుతోంది. నర్సమ్మ తలెత్తి చూసి, "తీసుకురండి, తీసుకురండి" అంది.

మంత్రిగారు అటు కదలబోయారు. డైరెక్టరుగారు చెవి దగ్గరికి వంగి, "సార్, అక్కడ ఆస్పత్రి లేదు" అన్నారు.

మంత్రిగారు ఒంటికాలి మీద లేచారు. ఈసారి నిజంగానే ఒంటికాలి మీద. "కళ్లు పోయాయా? ఆ కనిపించేదేంటయ్యా?"

"అది తరలిపోయింది సార్. ఇంతకుముందే తమరు స్వయంగా ప్రారంభించారు. ఇప్పుడు తమరు అందులోకి వెళితే..." అని డైరెక్టరుగారు వెనక్కి చూశారు. పత్రికలవాళ్లు మెట్లు దిగుతున్నారు. కెమెరాలు ఎత్తుతున్నారు.

మంత్రిగారు తెరిచి ఉన్న తలుపు వైపు చూశారు. కెమెరాల వైపు చూశారు. పళ్లబిగువున నవ్వు ముఖం పెట్టి, "నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లండి" అన్నారు.

హాల్లోని కుర్చీ తెప్పించారు. నలుగురు ఆయన్ని దాని మీద కూర్చోబెట్టి, ఆస్పత్రి తలుపు ముందు నుంచే మోసుకుంటూ, మళ్లీ అరవై రెండు మెట్లు ఎక్కించారు. కొత్త ఆస్పత్రికి మొదటి రోగి మంత్రిగారే అని అక్కడికక్కడే వార్త వెళ్లిపోయింది. డాక్టరు కోసం డైరెక్టరుగారు శాఖవారి సహాయ నంబరుకు ఫోను చేశారు. మీరు మ్యూట్‌లో ఉన్నారని వినపడింది.

సాయంత్రం అక్క ఇంట్లో సమావేశం మొదలైంది. అనువాదకుడు గ్లాసు పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. రేపు ఎవర్ని ఎవరు తీసుకెళ్లాలో తేలిపోయింది. ఇక పెట్టేస్తారనగా వంతెన పక్కింటావిడ గొంతు వినపడింది.

"పట్టాల అవతల హాల్లో ఎవరో పెద్దమనిషి కాలు వాచి ఒక్కడే కూర్చుని ఉన్నాడట. వెంట ఉన్నవాళ్లంతా డాక్టరు కోసమని వెళ్లి ఇంకా రాలేదట. ఎవరైనా వెళతారా?"

ఎవరూ మాట్లాడలేదు. ఆ లైన్లో అంతసేపు నిశ్శబ్దంగా ఉండటం అదే మొదటిసారి. ఎవరూ ఎవర్నీ మ్యూట్ చేయలేదు.

అత్తగారు కొత్త కట్టు కట్టిన కాలు పీట మీదికి జరుపుకుని, గ్లాసు వైపు వంగింది.

"మనమెందుకమ్మా అడ్డం? ఆస్పత్రి ఆయన దగ్గరే ఉందిగా" అంది.